గడ్డం దగ్గర తెరుచుకునే హెల్మెట్

నేను పనిచేసే క్యాంపస్ గేటుకు ఎదురుగా ఒక పాన్ డబ్బా ఉండేది. దాని పక్కన ఇనప కడ్డీకి వరసగా హెల్మెట్లు వేలాడేవి. అమ్మడానికి కాదు, కిరాయికి. హెల్మెట్ లేకపోతే సెక్యూరిటీ వాళ్ళు బండిని లోపలికి రానిచ్చేవారు కాదు. నడిపేవాళ్ళకీ ఉండాలి, వెనక కూర్చున్నవాళ్ళకీ ఉండాలి. అందుకని ఊరంతా ఉత్త తలతో తిరిగొచ్చిన సాఫ్ట్‌వేరు పెద్దమనుషులు గేటు దగ్గర బండి ఆపి, కడ్డీ మీద నుంచి ఒకటి తీసి తగిలించుకుని, పార్కింగ్ దాకా వెళ్ళి విప్పేసేవారు. లారీలు తిరిగే రోడ్డు మీద అక్కర్లేని హెల్మెట్, పూలకుండీల మధ్య ఆ కాస్త దారికి కావాలి. ఆ తెలివితేటలు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు వాన పడుతోందని మా ఆయన నన్ను లోపలి దాకా దింపుతానన్నాడు. ఆ కడ్డీ మీది హెల్మెట్ నా నెత్తికి ఎక్కింది. ఛీ, ఆ వాసన ఇప్పటికీ ముక్కులోనే ఉంది. ఎవరెవరి కొబ్బరినూనో, ఎవరెవరి చెమటో, దాని మీద గుట్కా కంపు. లోపలి స్పాంజి జిడ్డు పట్టి నల్లగా మెరుస్తోంది. తడి పట్టీ గడ్డం కింద తగిలేసరికి ఒళ్ళంతా జలదరించింది. ఇంటికొచ్చి కుంకుడుకాయలతో రుద్ది రుద్ది తలంటుకుని, "నాకు సొంత హెల్మెట్ కొనాల్సిందే" అన్నాను.

మాది తెనాలి పక్క పల్లెటూరు. నిజాంపేటలో హాస్టల్లో ఉండి ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో మా ఆయన పరిచయమయ్యాడు. వాళ్ళు తాతల నాటి నుంచి నిజాంపేటవాళ్ళే. అతనికి జీడిమెట్లలో మందుల కంపెనీలో పని. మా వాళ్ళు చర్చికి వెళ్తారు, వాళ్ళు గుడికి వెళ్తారు. ఆ రాద్ధాంతాలన్నీ పడి పెళ్ళి చేసుకుని చందానగర్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. ఆదివారాలు పెద్ద బండి మీద దూరాలు తిరగడం ఇద్దరికీ పిచ్చి. నేనేమో వాగుడుకాయని. దీని నోరు నిద్రలో కూడా ఆగదని మా నాన్న అనేవాడు. ఆ నోరే తనకు నచ్చిందని మా ఆయన పెళ్ళికి ముందు చాలాసార్లు చెప్పాడు.

నాలా కళ్ళద్దాలున్నవాళ్ళకు మొహమంతా మూసే మామూలు హెల్మెట్ నరకం. అద్దాలు తీసి, హెల్మెట్ దూర్చి, మళ్ళీ అద్దాలు సందులోంచి గుచ్చుకోవాలి. సగం మొహం వదిలేసే రకం పెట్టుకుంటే పడినప్పుడు దవడ గతి దేవుడికే తెలియాలి. అందుకని గడ్డం భాగం మొత్తం నుదుటి మీదికి లేచే రకం కొందామనుకున్నాం. మంచినీళ్ళు తాగాలన్నా, దారి అడగాలన్నా, ముఖ్యంగా ముందు కూర్చున్నవాడితో మాట్లాడాలన్నా విప్పక్కర్లేదు. నాకు అదే కావాలి.

పుత్లీబౌలి వైపు దుకాణాలన్నీ తిరిగాం. ఆ తిరుగుడు తలుచుకున్నా చిరాకే. ఒకడు నన్ను చూడగానే గులాబీ రంగుది తీసి బల్ల మీద పెట్టి, "లేడీస్‌కు ఇదే నడుస్తది మేడమ్" అన్నాడు. లోపలి దిండు ఊడొస్తుందా, ఉతుక్కోవచ్చా అని నేనడిగితే మా ఆయన వైపు తిరిగి జవాబు చెప్పాడు. ఇంకొకడి సొరుగులో ఐఎస్ఐ ముద్ర స్టిక్కర్లు చుట్ట చుట్టి ఉన్నాయి, బొట్టుబిళ్ళల్లాగా. మనం ఏది ఎంచుకుంటే దానికి ఒకటి అంటిస్తాడన్నమాట. మనుషుల తలలతో వ్యాపారం చేస్తూ ఇంత సిగ్గు లేకుండా ఎలా ఉంటారో నాకు అర్థం కాదు. వాడి మొహం మీదే ఛీ అనేసి బయటికొచ్చాను.

చివరికి ఒక చోట మంచిది దొరికింది. గడ్డం భాగాన్ని పట్టి ఉంచే కొక్కేలు రెండు పక్కలా ఇనపవి, ప్లాస్టిక్ కాదు. పెట్టుకుని తల అటూ ఇటూ గట్టిగా ఊపాను. హెల్మెట్ ఒక్కటే తిరిగితే అది మనది కాదు, నుదుటి చర్మం కూడా దానితోపాటు కదలాలి. బుగ్గలు రెండూ లోపలికి నొక్కుకుని నోట్లో లడ్డూ పెట్టుకున్నదానిలా ఉన్నాను. అలాగే కాసేపు దుకాణంలో తిరిగాను, నుదురు నొప్పెడుతుందేమో చూసుకోవడానికి. దుకాణం అతను నవ్వుకున్నాడు. నవ్వుకోనీ, తల నాది.

అది బరువుగా ఉండేది, ఆ మాట దాచను. మూసుకున్నా చెవుల దగ్గర గాలి హోరు తగ్గేది కాదు. తెరిచి పెట్టుకుని కాస్త వేగం పోతే ఆ లేచిన భాగం గాలికి అడ్డుపడి మెడను వెనక్కి లాగేది, ఇంటికొచ్చాక జండూబామే గతి. అందుకని ఊళ్ళ మధ్య మెల్లగా పోయేటప్పుడే ఎత్తేదాన్ని. ఎత్తగానే నోరు మొదలు. అనంతగిరి వెళ్ళినప్పుడు, మెదక్ చర్చికి వెళ్ళినప్పుడు, దారి పొడుగునా అతని భుజం మీద గడ్డం ఆనించి ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాను. అతను నవ్వుతుంటే వీపు కదిలేది. ఆ కొద్ది నెలలు బాగున్నాం.

తర్వాత ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం ముదిరింది. రోజుకో బంద్, రాస్తారోకో. వాళ్ళ కోపంలో న్యాయం ఉందని నేను ఆఫీసులో మా వైపు వాళ్ళతోనే వాదించేదాన్ని. నీళ్ళు, ఉద్యోగాలు అని వాళ్ళు చెప్పే లెక్కలు తప్పు కావు కదా అంటే, క్యాంటీన్లో రెండు రోజులు నాతో ఎవరూ కూర్చోలేదు. నాకది పెద్ద బాధనిపించలేదు. బాధ ఇంట్లో మొదలైంది.

చందానగర్ మార్కెట్లో నేను "వంకాయలు ఎలాగండి" అని అడగబోతే మా ఆయన మోచేత్తో పొడిచాడు. "నువ్వు ఊకో. నేనడుగుత. నీ మాట వింటె రేటు పెంచుతరు" అన్నాడు. సర్లే, బేరం తప్పింది అనుకున్నాను. నిజాంపేటలో వాళ్ళ పిన్ని ఇంట్లో ఫంక్షన్‌కు వెళ్ళేముందు, "ఆడ జర తక్కువ మాట్లాడు, అందరు ఒక్క తీరుగుండరు" అన్నాడు. ఆ పూటంతా వచ్చినవాళ్ళకు నవ్వులు పంచి పెట్టి వచ్చాను. తర్వాత బండి మీద. రోడ్డు మీద ఎక్కడ జెండాలు కనబడినా వెనక్కి చెయ్యి చాపి నా హెల్మెట్ గడ్డం పట్టుకుని కిందికి లాగేవాడు. "మూసుకో. ఏమన్న అడిగితె నేను చూస్కుంట."

మాట్లాడుకోవడానికని కొన్న హెల్మెట్‌ను ఒక మనిషి తన చేత్తో నా మొహం మీద మూస్తున్నాడు. లోపల నా ఊపిరి నాకే వేడిగా తగిలేది. కళ్ళద్దాలు ఆవిరి పట్టేవి. కంపరం పుట్టేది. అడిగితే నా మంచికేనంటాడు. మంచికే కదా అని నేనూ మెల్లగా ఇంట్లో కూడా ఆచితూచి మాట్లాడటం నేర్చుకున్నాను. "అలాగే" అనబోయి ఆగి, వాళ్ళ మాటలో ఏమంటారా అని వెతుక్కునేదాన్ని. నా నోరు నాకే కొత్తగా ఉండేది. ఇలాగే ఇంకో ఏడాది పోతే నాలో మా నాన్న ఎరిగిన పిల్ల మిగలదని భయం పట్టుకుంది.

ఆ ఏడాదే ఒక ఆదివారం బీదర్ కోట చూద్దామని తెల్లవారగానే బయల్దేరాం. ఆ రోజు రోడ్ల మీద వంటావార్పు ఉందని పేపర్లో చూశాం గానీ, పొయ్యిలు రాజుకునేలోపు దాటేస్తామనుకున్నాం. దాటలేదు. సదాశివపేట ఇంకా రానే లేదు, హైవేకు అడ్డంగా ఇటుకల పొయ్యిలు, వాటి మీద గుండిగలు. చేటల్లో బియ్యం చెరిగేవాళ్ళు, ఉల్లిగడ్డలు కోసేవాళ్ళు, డప్పు కొట్టేవాళ్ళు. రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే తిని, ఇది మా రోడ్డు అని చెప్పడం. ఆగిపోయిన బళ్ళవాళ్ళను కూడా బతిమాలి కూర్చోబెట్టి వడ్డిస్తున్నారు. మా ఆయన చెయ్యి అలవాటుగా వెనక్కి వచ్చింది. నా హెల్మెట్ మూసుకుంది.

ఒక పెద్దావిడ కొంగు నడుముకు దోపుకుని వచ్చింది. "దిగుండ్రి. తిని పోండ్రి. మా అన్నం తినకుంట ఈడికెళ్లి ఎవ్వరు పోవద్దు" అంది, నవ్వుతూనే. తారు మీద పరిచిన పట్టా మీద కూర్చున్నాం. విస్తరాకులో అన్నం, పప్పుచారు, వంకాయ కూర పడ్డాయి. మా ఆయన తినడం మొదలుపెట్టాడు. నేను హెల్మెట్‌తో అలాగే కూర్చున్నాను.

"ఏంది బిడ్డ, ఆ టోపీ తియ్యవా? ఎట్ల తింటవ్?" అంది ఆవిడ.

నేను గడ్డం భాగం పైకి ఎత్తాను. మొహం బయటపడగానే చల్లగాలి తగిలి ప్రాణం లేచొచ్చింది. ఆవిడ నా పక్కనే గొంతుకూర్చుని, "ఏ ఊరు బిడ్డ మీది?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు మా ఆయన అన్నం ముద్ద మింగి చెప్పాడు.

"ఆమెకు మాటలు రావమ్మా."

నేను తిరిగి చూశాను. అతను విస్తరాకు వైపే చూస్తున్నాడు.

"అయ్యో, పుట్టుకతోనేనా?"

"అవునమ్మా. చిన్నప్పటి సంది."

ఆవిడ మొహం మారిపోయింది. నా గడ్డం పట్టుకుని, "బంగారం అసొంటి పిల్ల" అంది. చుట్టూ నలుగురు ఆడవాళ్ళు చేరారు. ఒకావిడ చేతులు తిప్పుతూ, పెదాలు పెద్దగా కదుపుతూ, ఇంకొంచెం కూర వెయ్యనా అని సైగ చేసింది. ఆ జాలి ఒంటి మీద పాకుతుంటే తల వంచి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఆ పెద్దావిడ కళ్ళు ఒత్తుకుంది. "మా అక్క బిడ్డ గూడ గిట్లనే. మూగది. ఎన్ని సంబంధాలు జూసినా ఒక్కడు ముందుకు రాలే. ఇంట్లనే ఉంటది." తర్వాత మా ఆయన తల మీద చెయ్యి పెట్టింది. "నువ్వు దేవుని అసొంటోడివి బిడ్డ. మాటలు రాని పిల్లను జేసుకున్నవ్. నీ కడుపు సల్లగుండ."

ఇప్పుడన్నా చెబుతాడనుకున్నాను. అతను ఎంగిలి చెయ్యి పక్కకు పెట్టి, తల వంచి, ఆ దీవెన తీసుకున్నాడు.

కిరాయి హెల్మెట్ నెత్తిన పెట్టుకున్న రోజు కూడా నాకు అంత రోత పుట్టలేదు. నోట్లో ముద్ద దిగక పక్కకు ఉమ్మేశాను.

"నాకు మాటలొచ్చండీ" అన్నాను. "శుభ్రంగా వచ్చు. మాది తెనాలి దగ్గరండి. ఈయన మిమ్మల్ని చూసి భయపడి అబద్ధం చెప్పాడు."

డప్పు మోగుతూనే ఉంది గానీ మా చుట్టూ సద్దుమణిగింది. వెనక ఎవరో మగమనిషి "ఆంధ్రామెనా" అని గొణిగాడు. పెద్దావిడ అటు చూడకుండానే "నువ్వు చుప్ ఉండు" అంది. ఆవిడ చూపంతా మా ఆయన మీదే ఉంది. అతని తల మీద పెట్టిన చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"ఏందయ్యా నువ్వు" అంది. గొంతు పెంచలేదు. "మేమేమన్న మింగుతమా ఆమెను? రాష్ట్రం అడుగుతున్నం గని, అన్నం దగ్గర కూసున్నోళ్ళను ఊరు జూసి లేపుతమా? మూగోళ్ళ కష్టం నీకేమన్న ఎర్కనా?"

అతను ఏదో నసిగాడు. ఆవిడ వినలేదు. నా విస్తరాకు లాగి పడేసి కొత్తది వేసింది. "నువ్వు తిను బిడ్డ. కూరల కారం ఎక్కువుంటదా మీ దిక్కు?" అని అడిగింది. ఎక్కువేనండి అన్నాను. తర్వాత గోంగూర గురించీ, మా అమ్మ గురించీ, మేము ఎలా పెళ్ళి చేసుకున్నామన్నదాని గురించీ అడుగుతూనే ఉంది. అన్నిటికీ చెప్పాను. ఎన్నాళ్ళకో నా మాట నేను విన్నాను. పక్కన కూర్చున్నవాడి వైపు మాత్రం ఒక్కసారి కూడా తిరగబుద్ధి కాలేదు.

దారి వదిలాక కొంత దూరం పోయి అతను బండి పక్కకు ఆపాడు. హెల్మెట్ తీసి చేతుల్లో తిప్పుతూ, "నీ మంచికే అన్న" అన్నాడు.

"వాళ్ళు నన్ను కొడతారనుకున్నావా?"

అతను హెల్మెట్ ట్యాంకు మీద పెట్టాడు. అబద్ధం చెప్పడం తెలిసినవాడు కాదు, ఆ రోజు తప్ప. "కొట్టరు. నాకెర్కే" అన్నాడు.

"మరి?"

"అందరు మనోళ్ళే కద. వాళ్ళ ముందర ఆంధ్రా పిల్లను చేసుకున్న అని చెప్పనీకి..." అని ఆగిపోయాడు. "ఇజ్జత్ పోతదనిపించింది."

"మూగదాన్ని చేసుకున్నానని చెప్పడానికి మాత్రం నోరొచ్చింది" అన్నాను.

బీదర్ పోదామా, వాపస్ పోదామా అని అడిగాడు. నేను బండెక్కి కూర్చుని హెల్మెట్ గడ్డం నా చేత్తో నేనే కిందికి లాక్కున్నాను. అతను ముందుకే పోనిచ్చాడు. దారిలో మాటిమాటికీ తల వెనక్కి తిప్పి, నీళ్ళు కావాలా అని, మెడ నొస్తోందా అని, వినిపిస్తోందా అని అడుగుతూనే ఉన్నాడు. అన్నీ వినిపించాయి. దేనికీ పలకలేదు. అక్కడ అందరి ముందూ చెప్పుకున్నాడు కదా, ఆ మూగ పెళ్ళాన్నే వెనక కూర్చోబెట్టుకుని పోనీ అనుకున్నాను.