సామ్యూలూ, ఆ సీసా భద్రంగా లేదు

నిన్న ఉదయం తొమ్మిదింటికి మా తమ్ముడి భార్య సునీత ఫోన్ చేసింది.

"వదినా, ఆయన లేవట్లేదు."

డ్యూటీ చేసి అలిసిపోయి ఉంటాడు, కాసేపు పడుకోనివ్వమ్మా అన్నాను. నేనన్న ఆ మాటే చెవుల్లో తిరుగుతోంది.

హార్ట్ ఎటాక్ అట. నలభై ఏడేళ్లు.

అద్దంకిలో బస్సెక్కి గుంటూరులో దిగేదాకా ప్రార్థన చేద్దామని చూశాను. ఒక్క మాట రాలేదు.

మా తమ్ముడు సామ్యూలు ఒక హోటల్ బార్‌లో ఇరవై రెండేళ్లు పనిచేశాడు. ఆ ఉద్యోగం పేరు చెబితే మన చర్చివాళ్లలో కొందరు ముఖం తిప్పుకునేవాళ్లు. కానీ వాడు ఒక్క చుక్క నోట పెట్టలేదు. చేరే రోజున మా అమ్మ వాడి చెయ్యి బైబిలు మీద పెట్టించింది.

"గ్లాసుల్లో పొయ్యరా, నోట్లో పోసుకోకు" అంది.

దేవుడు వాడికి మంచి ముక్కు ఇచ్చాడు. చిన్నప్పుడు కల్లంలో గుప్పెడు మిరపకాయలు వాసన చూసి "బాబాయ్, కుప్ప అడుగున చెమ్మ ఉంది" అనేవాడు. "నీకేం తెలుసురా బుడ్డోడా" అని నవ్విన రైతే కుప్ప తిరగేసి, టార్పాలిన్ కోసం పరిగెత్తేవాడు.

ఆ ముక్కుతోనే ఏ విస్కీ రుచి ఎలా ఉంటుందో కస్టమర్లకు చెప్పేవాడు. తాగకుండానే.

రెండేళ్ల క్రితం ఒక కస్టమర్ ఫారిన్ నుంచి వస్తూ వాడికో సీసా తెచ్చి ఇచ్చాడు. వాడు దాన్ని తిన్నగా నా దగ్గరికి తెచ్చాడు.

"ఇంట్లో పెడితే మా బావమరిది రెండు రోజుల్లో ఖాళీ చేస్తాడక్కా. నీ బీరువాలో అయితే ఎవడూ వెతకడు."

"నేను చర్చికి కట్టుకునే చీరల మధ్య బ్రాందీ సీసానా?"

"బ్రాందీ కాదు తల్లీ, స్కాచ్. సింగిల్ మాల్ట్. బార్లీ గింజల్ని బురదనేల మట్టిపెళ్లలు కాల్చిన పొగలో ఆరబెడతారు. తర్వాత వైన్ పోసి తీసిన చెక్క పీపాలో ఏళ్లకేళ్లు ఉంచుతారు. నాలిక మీద ముందు పొగ, వెనకాల ద్రాక్ష తీపి. ఇన్నేళ్లూ అందరికీ అదే చెప్పా. నిజం చెప్పానో, అబద్ధం చెప్పానో నాకే తెలియదక్కా."

అదీ వాడి బాధ. నేను సరే అన్న రోజున, నా ముందే, ఒక్క చెంచా నోట్లో వేసుకుని తెలుసుకుంటానన్నాడు. "దగ్గు టానిక్ అంత" అని బతిమాలాడు. అమ్మకిచ్చిన మాట ఏమైందిరా అని నేను రెండేళ్లూ ఒప్పుకోలేదు.

పోయిన నెల చర్చి స్త్రీల ప్రార్థన కూడిక మా ఇంట్లో పెట్టారు. ఎవరైనా దుప్పటి కోసం బీరువా తెరిస్తే నా పరువు ఏం కాను?

బాత్‌రూమ్‌లో పారబోశాను. మొత్తం.

వేళ్ల మీద కొంచెం ఒలికింది. వాడి మాట గుర్తొచ్చి నాలిక మీద పెట్టుకున్నాను. ప్రభువు సాక్షిగా రాస్తున్నాను, రుచి చూశాను.

ముందు పొగ. చేలో పత్తి కట్టె తగలబెట్టినట్టు. ఆ తర్వాత తీపి. చర్చిలో ప్రభువు బల్ల దగ్గర పుచ్చుకునే ద్రాక్షారసంలా.

వాడు చెప్పింది అక్షరాలా నిజం.

గురువారం ఫోన్ చేసి మళ్లీ ఆ చెంచా సంగతే అడిగాడు. అమ్మ పోయాక వాడు ఇంకేమీ అడగలేదు కదా అని ఈసారి సరే అనేశాను, సీసా లేదన్న సంగతి మరిచి.

"ఆదివారం వస్తున్నానక్కా. సీసా భద్రమేనా?"

అప్పుడు గుర్తొచ్చింది. అయినా "భద్రమేరా" అన్నాను.

"చెంచా కడిగి పెట్టు" అని నవ్వాడు.

ఆ ఒక్క నిమిషంలో చెప్పేస్తే సరిపోయేది. పారబోశానురా, నాలిక మీద పెట్టాను, నువ్వు చెప్పినట్టే ఉంది అని. తిట్టేవాడు, తర్వాత నవ్వేవాడు. ఆ నిజం వాడికి అందేది. ఆదివారం ఎదురుగా కూర్చుని చెబుదామనుకున్నాను.

దేవుణ్ణి క్షమించమని అడిగాను. ఆయన క్షమిస్తాడని వాక్యం ఉంది. కానీ నేను అబద్ధం చెప్పింది సామ్యూలుకి.

పొద్దున ఉండబట్టలేక వాడి నంబర్‌కి చేశాను. సునీత చేతిలో మోగింది.

మధ్యాహ్నం మూడింటికి సమాధి ఆరాధన. పెట్టె మూసేలోపు వాడి చెవిలో చెబుతాను. వినపడుతుందో లేదో నాకు తెలియదు. అందుకే, మన కూడిక అక్కచెల్లెళ్లు చదువుతారని తెలిసే, ఇక్కడ మన గ్రూపులో కూడా రాస్తున్నాను.

సామ్యూలూ, నువ్వు ఎవరికీ అబద్ధం చెప్పలేదురా. చెప్పింది నేను.

వెళ్లిరా నాన్నా. ఇక ఏ డ్యూటీ లేదు, ప్రభువు దగ్గర నెమ్మదిగా పడుకో.