అన్నింటికీ తలూపిన తెర

జ్వరంతో మార్కాపురంలో ఒక నర్సింగ్‌హోంలో చేరాను. వేలు పొడిచి చూస్తే షుగరు 148. కంప్యూటరు గుమాస్తాకు పాత కీబోర్డులో ఎనిమిది సరిగా పడక రెండుసార్లు నొక్కే అలవాటు. ఆ రోజు కొత్త కీబోర్డు పెట్టారు. అలవాటుగా నొక్కాడు. 1488 అని పడినా ఆ నల్లటి తెర కిక్కురుమనలేదు.

నర్సు పెద్ద మోతాదు ఇన్సులిన్ సూదితో వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆమె చేతిలోని కాగితం లాక్కుని చూసి, గుమాస్తాను పిలిపించాను.

"ఏందిరా ఇది? ఇంత షుగరుంటే ఇట్ల కూర్చుని నిన్ను తిడతానా?"

"తప్పయితే మిషను తీసుకోదవ్వా!"

"దానికి అడిగే బుద్ధి లేదు, నీకు చూసే బుద్ధి లేదు. మళ్ళీ పొడవండి."

అదే 148. తెర మీది అంకె చూసి సూది రాసిన డాక్టరు, ఆ కాగితం కొట్టేశాడు.

ఇప్పుడు ఆ తెర షుగరు గడిలో నాలుగంకెలు తీసుకోదట. ఆ గడికి మూడంకెలు చాలని దాన్ని తయారుచేసిన మేధావికి తోచడానికి, నా ప్రాణం సూది మొన దాకా రావలసి వచ్చింది.