నూకరత్నం గారి కళ్ళు వెనక్కి వెళ్ళిన వాక్యం

2022 వానాకాలం. చోడవరంలో ఒక కళ్ళజోళ్ళ షాపులో నేను ఆప్టోమెట్రిస్టుని. అంటే చూపు పరీక్షించి, ఏ పవరు అద్దాలు కావాలో రాసిచ్చేవాణ్ణి. ఒక ఉదయం బుచ్చయ్యపేట నుంచి నూకరత్నం గారు వచ్చారు. నలభై దాటిన అంగన్‌వాడీ టీచరు. సూపర్‌వైజరు పోస్టు పరీక్ష ఒకసారి తప్పారు. వయసు రీత్యా ఈసారిదే ఆఖరి అవకాశం.

"కళ్ళజోడు రెండుసార్లు మార్సేను బాబూ. అచ్చరాలు బాగానే అవుపిస్తన్నాయి. కొన్ని లైన్లకాడ మాత్రం కళ్ళు ఎనక్కెళ్ళిపోతన్నాయి," అన్నారు.

పవరు సరిగ్గానే ఉంది. రెండు కళ్ళూ కలిసి బాగానే పనిచేస్తున్నాయి. ఆవిడ తెచ్చుకున్న పరీక్ష గైడు బల్ల మీద పరిచి, పక్కన చిన్న అద్దం పెట్టి చదవమన్నాను. వెనక నిలబడితే అద్దంలో కళ్ళ కదలిక కనిపిస్తుంది.

చదివేటప్పుడు కళ్ళు గెంతుతూ, ఆగుతూ పోతాయి. ఆ గెంతుని సకాడ్ అంటాం. చదివిన చోటికే తిరిగి గెంతితే రిగ్రెషన్. చిన్న వాక్యాల్లో ఆవిడ కళ్ళు చక్కగా ముందుకే సాగాయి. "సూపర్‌వైజరు పిలిచిన కార్యకర్త తల్లికి ఇచ్చిన కార్డు పోయింది" అన్నచోట మాత్రం 'కార్యకర్త' దగ్గర ఆగి మొదటికి వెళ్ళాయి. 'కార్డు' దగ్గర మళ్ళీ వెనక్కి. ఎవరు పిలిచారో, ఎవరు ఇచ్చారో తేలక.

"కళ్ళ జబ్బు కాదమ్మా, వాక్యమే చిక్కుగా ఉంది," అన్నాను.

"సదువుకున్నోళ్ళకి ఇలాగవదు కదా?"

ఆవిడని నా వెనక నిలబెట్టి, నాకు తెలియని పేజీ ఒకటి తీయమని, అద్దం పక్కన పెట్టుకుని చదివాను.

"మీయీ ఎనక్కెళ్తన్నాయి బాబూ," అని ఆవిడ చాలాసేపు నవ్వారు. "నాకేటో అయిపోయిందని భయపడి, జోడు తుడుసుకుని, లైనంతా మొదట్నించీ సదివేదాన్ని. పరీచ్చలో టైమంతా అలాగే పోయింది."

అద్దాలు మార్చలేదు. 'పిలిచిన', 'ఇచ్చిన' లాంటి మాటల కింద పెన్సిలుతో గీత గీసి, అక్కడ "ఎవరు?" అని ప్రశ్న వేసుకోమన్నాను. వారం వారం వచ్చి చదివేవారు. నెల తిరిగేసరికి కళ్ళు వెనక్కి వెళ్ళేది ఒక్క గెంతే, అదీ కావలసిన మాట మీదికే.

ఫలితాలు వచ్చిన రోజు షాపు గుమ్మంలోంచే చెప్పారు. "పాసయ్యేను బాబూ. ఇంకా టైము మిగిలింది కూడాను." ఆ గొంతు విని లోపలున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఇప్పుడావిడ చీడికాడ వైపు సూపర్‌వైజరు.

అంతవరకూ నేను చార్టు మీద విడి అక్షరాలే చదివించేవాణ్ణి. చదవడం కష్టంగా ఉందని ఎవరొచ్చినా, ఇప్పుడు పవరు రాసే ముందు ఒక తేలిక వాక్యం, ఒక చిక్కు వాక్యం కూడా చదివిస్తాను.