పోపుకి కూసిన అలారం

లక్ష్మీపతి గారిది ఒట్టి చాదస్తమని అరిజోనాలోని చాండ్లర్‌లో తెలుగువాళ్ళందరం అనుకునేవాళ్ళం. డెబ్భై రెండేళ్ళ మనిషి, రిటైరైన ఇంజనీరు. ఆయనా, భార్య చాముండేశ్వరి గారూ కారు వెనక చిన్న ట్రైలర్ తగిలించుకుని దేశమంతా తిరిగారు. పడకా, పొయ్యీ, బాత్రూమూ అన్నీ అందులోనే. మంచు చూడాలని మా తొమ్మిదేళ్ళ పాప నైనిక గొడవ చేస్తుంటే, అడగ్గానే ఆ ట్రైలర్ మాకిచ్చారు. ఇచ్చే ముందు అందులో ఏది ఎలా వాడాలో రెండు గంటలు క్లాసు పీకారు. దారి పొడుగునా ఆయన గొంతు అనుకరిస్తూ నా భార్య రచననీ, పిల్లనీ నవ్వించాను. నా తెలివి అంత.

కొండల మీది ఫ్లాగ్‌స్టాఫ్ ఊరు దాటాక ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో ఆగాం. నీళ్ళు గడ్డకట్టే చలి. రచన చారుకి పోపు పెట్టగానే అలారం కెవ్వుమంది. పొగకీ, మూసిన గదిలో గ్యాస్ మంట వదిలే విషవాయువుకీ కలిపి ఒకటే అలారం అది. మన ఇళ్ళల్లో అందరం చేసే పనే చేశాను. గోడ మీంచి పీకి, బ్యాటరీలు తీసి, జాకెట్ జేబులో పడేశాను. కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో నేను చేసే ఉద్యోగం అలారాలు గమనించడం! సిగ్గు లేకపోతే సరి.

తెల్లవారుజామున హీటర్ ఆగిపోయింది. కిటికీలన్నీ బిగించి, గ్యాస్ పొయ్యి వెలిగించి మళ్ళీ పడుకున్నాను. కాసేపటికి నైనిక వాంతి చేసుకుంది. లేపితే మెడ నిలవలేదు. దాన్ని ఎత్తుకుని మంచులోకి పరుగెత్తాను. వెనకే బయటికొచ్చిన రచన ఫోన్ చేస్తే ఫైర్ వాళ్ళొచ్చి ఆక్సిజన్ పెట్టాక కళ్ళు తెరిచింది. అలారం మోగలేదా అని వాళ్ళలో ఒకతను అడిగాడు. మోగలేదన్నాను. అబద్ధం కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది నా జేబులోనే ఉంది. రచన నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది.

లక్ష్మీపతి గారికి ఫోన్‌లోనూ ఆ ముక్కే చెప్పాను.

మేం ట్రైలర్‌తో తిరిగొచ్చేసరికి ఆయన తన ఇంటి వాకిట్లో నిలబడి ఉన్నారు. నైనిక ముందు వంగి రెండు చేతులూ జోడించారు.

“నాదే తప్పమ్మా. అలారం చెక్ చేశాననే అనుకున్నాను. ఇక ఈ బండి వద్దు, అమ్మేస్తాను.”

అంత పెద్దాయన నా కూతురికి దణ్ణం పెడుతున్నారు. నోరు తెరవాల్సింది నేను. ఛీ, ఏం బతుకు నాది అనిపించింది.

“అంకుల్, అలారం బ్యాడ్ కాదు,” అంది నైనిక, వచ్చీరాని తెలుగులో. “డాడీ జాకెట్‌లో ఉంది.”

తల వంచుకుని అలారం తీసి ఇచ్చాను, బ్యాటరీలతో సహా. పోపు సంగతి చెప్పాను. ఫైర్ వాళ్ళ దగ్గర దాచిన సంగతీ చెప్పాను. ఆయన బ్యాటరీలు వేసి బటన్ నొక్కారు. వీధంతా వినబడేలా కూసింది.

“హమ్మయ్య, పని చేస్తోంది,” అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు. తిడతారేమో, తిడితే బాగుండునని ఎదురుచూశాను. ట్రైలర్‌లోకి వెళ్ళి దాన్ని మళ్ళీ గోడకి తగిలించి వచ్చారు.

“పోపు పెట్టేటప్పుడు తలుపు తీస్తే చాలు, లోకేష్,” అన్నారు మెల్లగా.

దారిలో నేను అనుకరించి నవ్వించింది సరిగ్గా ఆ మాటే.