తుపాకుల గుట్ట కింద ఒక సేద్యం

సీఐ గారు మైకు ముందు నిలబడి క్రమశిక్షణ గురించి చెబుతుండగా మా పెద్దమామ ఎద్దులు బరిలోకి వచ్చాయి. తిరునాళ్లలో బండలాగుడు పోటీ అది. పోటీ ఎద్దులన్నాక మెడలో గంటలుంటాయి, గజ్జెలుంటాయి. ఆ చప్పుడు జమ్మలమడుగు వైపు పుట్టినవాళ్లకు కొత్త కాదు. కానీ ఈ జత నడుస్తుంటే వచ్చిన చప్పుడు వేరు. సన్నగా, పొడిగా, చెంచాలు ఒకదానికొకటి తగిలినట్టుగా ఉంది. సీఐ గారు మాట మధ్యలో ఆపారు. వేదిక దిగి నేరుగా ఎద్దు దగ్గరికి నడిచి, దాని మెడలోని దండను రెండు వేళ్లతో ఎత్తి చూశారు. అవి పూసలు కావు, మువ్వలు కావు, పేలిన రైఫిలు తూటాల ఇత్తడి గుల్లలు. బందోబస్తుకు వచ్చిన మీసాల హెడ్డుగారు (హెడ్ కానిస్టేబులును మా వైపు హెడ్డు అనే అంటారు) మెల్లగా చెరుకురసం బండి వెనక్కి జరిగారు. జరిగి చూస్తే అక్కడ అప్పటికే నేనున్నాను.

ఆ రోజులు తలుచుకుంటే, అంత నమ్మకంగా బతికిన కాలం నా జీవితంలో మళ్లీ రాలేదనిపిస్తుంది. రాష్ట్రం విడిపోయిన కొత్త. నేను పత్రికకు జమ్మలమడుగు విలేకరిగా చేరిన కొత్త కూడా అదే. మెడలో కెమెరా వేలాడుతుంటే చాలు, లోకమంతా నా వార్త కోసం కాచుకుని ఉందనుకునేవాణ్ని. లోకం సంగతేమో గానీ, ప్రొద్దుటూరులో ఉండే మా సీనియరు మాత్రం కాచుకుని ఉండేవాడు కాదు. నేను చెమటోడ్చి రాసిన దాన్ని బొమ్మ కింద ఒక వాక్యంగా కుదించి, "బాగా రాసినావప్పా, ఇంకా తగ్గిచ్చి రాయి" అని మెచ్చుకునేవాడు. అలాంటి రోజుల్లో, గుట్ట కింద పోలీసుల కాల్పుల సాధన ఉంది, ఫొటోకు రమ్మని కబురొచ్చింది. మొదటి పేజీ నాదేననుకున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని బయలుదేరాను.

ఆ గుట్టను చుట్టుపక్కల వాళ్లు తుపాకుల గుట్ట అంటారు. ఏటా అక్కడే పోలీసులు గురి చూసుకుంటారు. గుట్ట కింద నల్లరేగడి. నాలుగు రోజుల కిందట పడిన వానకు పైన ఆరినట్టున్నా లోపల మెత్తగానే ఉంది. తెల్లగీత దాటి ముందుకు పోవద్దని హెడ్డుగారు నాకు చెప్పారు. దాటలేదు. గీత మీదనే, కాల్చే కానిస్టేబులుకు కుడిపక్కన, బోర్లా పడుకున్నాను, తుపాకీ, మనిషి, గుట్ట మూడూ ఒకే బొమ్మలో రావాలని. పేలిన తూటా గుల్ల తుపాకీలోంచి కుడివైపుకే ఎగిరిపడుతుందన్న సంగతి నాకెవరూ చెప్పలేదు. తుపాకీ పేలడమూ, కాలే ఇత్తడి ముక్క నా కాలరులోకి దూరడమూ ఒకేసారి జరిగాయి. నేను ఎగిరిన ఎగురు చూసి, తూటా తగిలిందేమోనని సీఐ గారు పరుగెత్తుకొచ్చారట. నాకు గుర్తున్నదల్లా చొక్కాను విదిలిస్తూ రేగట్లో నేను వేసిన గంతులు. అప్పుడు ఫొటో ఎవరూ తీయలేదు. తీయగలిగినవాడు గంతులేస్తున్నాడు.

కాల్పులు అయిపోయాక అసలు పని మొదలైంది. కాల్చిన తూటాలకు గుల్లలు లెక్క చూపాలి. కానిస్టేబుళ్లంతా వంగి ఏరారు. హెడ్డుగారు గోనెపట్టా మీద వరుసలు పేర్చి లెక్కపెట్టి, మళ్లీ పెట్టి, మీసం మీద చెయ్యి వేసుకున్నారు. ఒకటి తక్కువ. "సాయంత్రానికి లెక్క సరిపోకుంటే నీ సెలవు మాట మర్చిపో" అని సీఐ గారు జీపెక్కి వెళ్లిపోయారు. హెడ్డుగారి చూపు మెల్లగా నా మీదికి తిరిగింది.

"అప్పా విలేకరీ, నువ్వు ఎగిరినప్పుడు అది యాడ పడిందప్పా?"

"తెలీదు సార్. కాలిందని మాత్రం తెలుసు."

"కాలిందని మాకూ తెలుసులే. చొక్కా ఇప్పు."

విప్పాను. బనియను విదిలించాను. కెమెరా సంచి బోర్లించాను. ఒక కానిస్టేబులు నా బూట్లకు అంటుకున్న రేగడిని పుల్లతో గీకి, వేళ్ల మధ్య నలిపి చూశాడు. ఇస్త్రీ చొక్కా జీపు మీద ఆరేసి, బనియనుతో నిలబడిన పత్రికా ప్రతినిధిని చూసి పక్క కాలనీ పిల్లలు చప్పట్లు కొట్టారు. హెడ్డుగారికి మాత్రం నవ్వు రాలేదు. పట్టా మీద కూలబడి అన్నారు: "రేపు పులివెందులలో మా బిడ్డను చూసేకి వస్తాండారప్పా. తండ్రి యాడబోయినాడని అడిగితే, ఇత్తడి గుల్ల కోసం మన్ను పిసుకుతాండాడని చెప్పాల్నా?" ఆ మాటతో నేను చొక్కా తొడుక్కోవడం మరిచిపోయి మళ్లీ మన్ను పిసకడానికి కూర్చున్నాను.

మా పెద్దమామ వచ్చింది అప్పుడే. కొండాపురం వైపు ఆయన చేను గండికోట జలాశయం నీళ్లలో మునిగిపోయింది. ఇల్లు పోయి గుట్ట పక్క కాలనీలో ఇంకో ఇల్లు వచ్చింది గానీ, చేను పోయి చేను రాలేదు. ఎద్దుల్ని అమ్మమని అందరూ చెప్పినా వినకుండా, పోటీలకని పేరు పెట్టి సాకుతున్నాడు. ఆ సాయంత్రం వాటిని నడిపిస్తూ అటుగా వచ్చి, వంగిన పోలీసుల్ని చూసి ఆగాడు.

"ఏందప్పా, అందరూ వంగినారు? చెనిక్కాయలు ఏరుతాండారా? రేయ్ అల్లుడా, నీ చొక్కా ఏమాయెరా?"

విషయం చెప్పాను. మామ వంగి, పిడికెడు మన్ను తీసి, నలిపి, వాసన చూశాడు. "బూట్లతో తొక్కి లోపలికి దిగేసినారు. చేతుల్తో ఎన్నాళ్లు గెలుకుతారు? నేల మంచి పదును మీదుంది. గుంటక తోల్తే పైకి రాక యాడికి పోతాది?"

"ఇది సర్కారు నేల మామా," అన్నారు హెడ్డుగారు.

"పంట నాకొద్దులే. గుల్ల నీకే."

మామ ఇంటికి పోయి, ఇల్లు మారినప్పటి నుంచి గోడకు ఆనించి ఉన్న గుంటకను తెచ్చి ఎద్దులకు కట్టాడు. ఒక సాలు పోయి వచ్చేసరికి పైకి తేలింది ఒక గుల్ల. "దొరికె! దొరికె!" అని కానిస్టేబుళ్లు కేకలేశారు. దాని పక్కనే ఇంకొకటి తేలింది. ఆ పక్కన రెండు. నల్లబడినవి, పచ్చగా చిలుము పట్టినవి, వంకరపోయినవి, గుంటక వెనకాల బారులు తీరి బయటపడుతూనే ఉన్నాయి. ఏళ్ల తరబడి ఆ నేల మింగినవన్నీ. (మరి అన్నేళ్లూ లెక్కలు ఎలా సరిపోయాయని అడగవలసినవాడు విలేకరి. విలేకరి బనియనులో ఉన్నాడు.)

హెడ్డుగారి ముఖం చూడవలసిందే. "ఆపు మామా, ఆపు! ఒగటి తక్కువైతే సంజాయిషీ అడుగుతారు. ఇన్ని ఎక్కువైతే ఏం కాల్చినావు, ఎవర్ని కాల్చినావని అడుగుతారు!"

"ఇంగొక్క సాలు, హెడ్డూ. ఈ మూల ఉండిపాయె."

"మూలొద్దు, ఏమొద్దు!"

మామ వినలేదు. ఆ మూల, ఆ తర్వాత గట్టు వారా, ఎద్దుల్ని అదిలిస్తూ, పాత అలవాటుగా వాటితో ఏదో మాట్లాడుకుంటూ తోలుతూనే ఉన్నాడు. హెడ్డుగారు ఆయన్ను ఆపడానికి నాలుగడుగులు వేసి, ఎందుకో ఆగిపోయి, గోనెపట్టా మీద కూర్చుని చూస్తూ ఉండిపోయారు. నేలంతా సాపుగా, గింజ పడడమే తరువాయి అన్నట్టు తయారయ్యాకే మామ గుంటక ఎత్తాడు.

గుల్లల్ని బక్కెట్లో వేసి కడిగారు. హెడ్డుగారు అందులోంచి మెరిసేదొకటి తీసి "ఇదే" అన్నారు. అంతే మెరిసేవి ఇంకో రెండు మూడు అడుగున కనబడుతున్నాయి. "ఎట్ల చెప్తాండారు సార్?" అన్నాను. "నువ్వు గమ్మునుండప్పా" అన్నారు. లెక్క సరిపోయింది. మిగిలినవి ఏం చెయ్యాలో తెలియక బక్కెట్టుతో సహా మామ చేతిలో పెట్టి, "దండం పెడతా మామా, కంటికి కనబడకుండా చెయ్యి" అని ఆ రాత్రికే పులివెందుల బస్సెక్కారు.

కంటికి కనబడకుండా చెయ్యడమంటే మామ దృష్టిలో ఏమిటో మూడు నెలల తర్వాత తిరునాళ్లలో తెలిసింది. ప్రొద్దుటూరులో నగలు చేసే ఒకాయన్ను బతిమాలి వాటికి బెజ్జాలు వేయించి (బంగారం తప్ప ముట్టని ఆ చేతులు ఎద్దు నగకు ఎలా ఒప్పుకున్నాయో), చింతపండుతో తోమి, రెండు దండలు గుచ్చాడు. సీఐ గారి వేళ్ల మధ్య ఉన్నది వాటిలో ఒకటి.

"ఏందివి?" అన్నారు సీఐ గారు.

"పంట సార్," అన్నాడు మామ, తొణక్కుండా. "నా సేద్యంలో పండినయ్."

"యాడుంది నీ చేను?"

"చేను నీళ్లలో ఉంది సార్. ఇది గుట్ట కింద, కౌలు లేకుండా చేసిన సేద్యం."

చుట్టూ ఉన్న జనం నవ్వారు. సీఐ గారు నవ్వలేదు. చెరుకురసం బండి వైపు చూశారు. "హెడ్డూ, ఇట్ల రా. ఆ పొద్దు మన లెక్క సరిపోయింది గదా?"

"సరిపోయింది సార్," అన్నారు హెడ్డుగారు, బండి చాటు నుంచి బయటికి వస్తూ.

"ఒగటి కూడా తగ్గలేదు గదా?"

"లేదు సార్."

"అయితే ఇవి మనవి కావు." దండను వదిలేశారు. అది ఎద్దు మెడ మీద గలగలమంది. "పోటీ కాంగానే తీసెయ్ పెద్దాయనా. చప్పుడు బాగుంది గానీ, నాకు నిద్ర పట్టదు." వేదికెక్కి క్రమశిక్షణను వదిలిన చోటనే అందుకున్నారు.

ఆ రోజు మామ ఎద్దులకు బహుమతి రాలేదు. నా వార్త బొమ్మ కింద ఒక వాక్యంగా వచ్చింది, అందులో దండ మాట లేదు. హెడ్డుగారి బిడ్డకు ఆ సంబంధమే కుదిరింది. పులివెందులలో పెండ్లికి మామను పిలిచి, ముందు వరుసలో కూర్చోబెట్టి, బూందీ లడ్డు దగ్గరుండి వడ్డించారు. తర్వాత మామ ఎద్దుల్ని అమ్మాడు, దండలు అమ్మలేదు. కాలనీలో ఆయన వసారాలో వేలాడుతున్నాయి, గాలి వీస్తే ఇప్పటికీ మోగుతాయి. పోయినప్పుడల్లా నేను కాసేపు వాటి కింద కూర్చుంటాను. ఇప్పుడు నా చొక్కాకు ఇస్త్రీ ఉండదు, మొదటి పేజీ మీద ఆశా లేదు. మెడ వెనక చింతగింజంత మచ్చ మాత్రం ఉంది. అది వేసిన గుల్ల సర్కారు లెక్కలో చేరిందో, ఎద్దు దండలో చేరిందో, గుట్ట కింద రేగట్లోనే ఉందో ఇంతవరకు తేలలేదు.