పలక మీది కాంటను గుడి

మా పెదనాన్న మంగళవారం పొద్దున పోయారు. ఒకప్పుడు ఫ్రెంచివాళ్లు ఏలిన ఊళ్లో, సారం పేటలో మా ఇంటి గోడకు ఆనుకునే వాళ్ల ఇల్లు. పెద్దమ్మ కేక వినగానే, పోలీసులొచ్చారేమో అనుకున్నాను. చావు సంగతి ఆ తర్వాతే తట్టింది. ఏడాదిగా మేం అలాగే బతుకుతున్నాం.

పెదనాన్న వయసులో ఉండగా చైనాలోని కాంటను నగరంలో, ఫ్రెంచివాళ్ల పేటలో కావలి ఉద్యోగం చేశారు. సెలవు దొరికితే అక్కడి పాత బౌద్ధాలయానికి పోయేవారు. దాని కథ చెప్పేటప్పుడు టోపీ తీసి ఒళ్లో పెట్టుకునేవారు. "ఊరికంటే గుడే ముందు పాపా" అనేవారు. మొదట అది రాజుగారి ఇల్లట, తర్వాత సన్యాసులదైందట. మన దేశంనుంచి ఓడలో పోయిన భిక్షువొకాయన అక్కడ రావి మొక్క నాటాడట.

"ఆ చెట్టు కింద నిలబడితే ఇంటికాడ ఉన్నట్టే ఉండేది."

"అట్లయితే ఆడనే ఉండాల్సింది, ఈడికెందుకొచ్చినారు?" అని పెద్దమ్మ దెప్పేది.

ఫ్రెంచివాళ్లు మా ఊరిని మన దేశానికి పూర్తిగా అప్పగించిన ఏడాదే చైనాతో యుద్ధం వచ్చింది. చైనాలో పనిచేసినవాళ్ల ఇళ్లు సోదా చేస్తున్నారని వీధిలో పుకారు. పెదనాన్న బజారుకెళ్లినప్పుడు పెద్దమ్మ నన్ను పిలిచి, ఆయన పెట్టె అడుగునుంచి లావుపాటి నోటుపుస్తకం తీసింది.

"ఏందిది పాపా? చైనా రాతే కదా?"

నేను చదువుకున్నది అరవం, ఫ్రెంచి. ఆ రాత రెండూ కాదు. "అదే పెద్దమ్మా" అన్నాను. నేనే ఒక్కో కాగితం చించి పొయ్యిలో వేశాను.

పెదనాన్న వచ్చి పొయ్యి ముందు కూలబడ్డారు. "అది తెలుగు పాపా. మన తెలుగే."

యానాంలో కొలువు చేసిన రోజుల్లో ఆయన అక్షరాలు నేర్చుకున్నారట. ఆ గుడి చరిత్రంతా ఏళ్ల తరబడి రాసుకున్నారట. పుట్టినప్పటినుంచీ తెలుగే మాట్లాడుతున్న నేను దాన్ని పోల్చుకోలేకపోయాను. తిట్టినా బాగుండేది.

మర్నాడు పలక కొనుక్కొచ్చి నాకు అ ఆలు దిద్దించారు. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్ష. రాయడం వచ్చాక గుడి కథ మళ్లీ మొదటినుంచి చెప్పసాగారు. కాగితం తెస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. ఆయనకూ భయం పట్టుకుంది.

"పలకైతే తుడిచేయొచ్చు. నువ్వు మనసులో పెట్టుకో."

రోజుకు నాలుగు వాక్యాలు రాసేదాన్ని. వీధిలో బూట్ల చప్పుడైతే చాలు, తడిగుడ్డతో తుడిచేసేవాళ్లం. యుద్ధం ఆగింది గానీ మా భయం ఆగలేదు.

సోమవారం సాయంత్రం చెప్పినవి పలక మీదే ఉండిపోయాయి. "పెద్ద తుపానుకు ఆ రావిచెట్టు కూలింది. అప్పుడు సన్యాసులు" అన్నంతవరకే. దగ్గు తెర ఆగక పడుకున్నారు.

మూడోనాడు పలక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు సన్యాసులు ఏం చేశారు? ఈ ఊళ్లో ఎవరిని అడగను? అడిగితే ఏమవుతుంది? ఇంతలో వాకిట్లో బూట్ల చప్పుడు. టపా మనిషి ఎవరిదో పరామర్శ ఉత్తరం ఇచ్చి వెళ్లిపోయాడు.

వెనక్కి తిరిగి చూసుకుంటే తడిగుడ్డ నా చేతిలోనే ఉంది. ఒక్క అక్షరం మిగలని పలక ఒక మూలనుంచి ఆరుతోంది.