మూత లోపలి అంకె

బజారులో అతన్ని అందరూ మీటర్ల మేస్త్రి అనేవాళ్ళు. పాత కార్ల స్పీడు మీటర్లు బాగుచెయ్యడం బోర్డు మీద రాసిన పని. ఇల్లు గడిపింది మాత్రం బోర్డు మీద లేని పని. లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన బండి అతని చేతిలో పడితే అరగంటలో యాభై వేలకు దిగివచ్చేది. "ముసలాడు జుట్టుకు రంగేసుకుంటే తప్పా? ఇదీ అంతే" అని కార్ల బ్రోకరు సమర్థించేవాడు. మేస్త్రికి ఆ మాట భలే నచ్చింది. నచ్చక చస్తుందా, దాని మీదే కదా పొయ్యి వెలిగేది.

నిజానికి ఆ కార్లను అతను చూసింది లేదు. బ్రోకరు మీటరు పెట్టెను ఊడదీసి, పాత తువ్వాలులో చుట్టి తెచ్చేవాడు. ఆ బండిని ఎవరు కొంటారో, ఏ రోడ్డు మీద తోలతారో మేస్త్రికి పట్టేది కాదు. ఒక్క అలవాటు మాత్రం ఉండేది. అంకె మార్చే ముందు అసలు అంకెను పెన్సిలుతో పెట్టె మూత లోపలివైపు చిన్నగా రాసేవాడు. ఎవరూ చూడరు, ఎవరికీ పనికిరాదు. నిజం ఎక్కడో ఒకచోట రాసి ఉంటే అబద్ధం బరువు సగం తగ్గుతుందని అతని నమ్మకం. తప్పు చేసేవాడు ఇలాంటివి నాలుగు నమ్మకపోతే వాడికి నిద్ర పట్టదు.

అతనికి నా అన్నది ఒక్క అక్కే. తల్లి పోయాక తనే పెంచింది. బావ బస్సు డ్రైవరు. స్పీడు అరవై దాటకుండా బిగించిన బస్సును ఇరవై రెండేళ్ళు తోలిన మనిషి. పక్కనుంచి కార్లు రయ్యిమని దూసుకుపోతుంటే పళ్ళు నూరుకుంటూ బతికాడు. చివరికి దాచుకున్నదంతా ఊడ్చి, సెకండ్ హ్యాండులో ఎర్రటి స్పోర్ట్స్ కారు కొన్నాడు. కొత్తదైతే ఏడు జన్మలెత్తినా కొనలేడు. నలభై ఎనిమిది వేలే తిరిగిన బండి దొరికిందని ఫోనులో మురిసిపోయాడు. ప్రతి ఆదివారం అక్కనూ ఇద్దరు కూతుళ్ళనూ ఎక్కించుకుని, పెద్ద రోడ్డు మీద నూట నలభైలో పోనిచ్చేవాడు. పిల్లలు వెనక సీట్లో కేరింతలు కొట్టేవాళ్ళట.

రెండు నెలలు తిరక్కుండానే ఒక శనివారం పొద్దున బావ ముఖం వేలాడేసుకుని మేస్త్రి షాపుకొచ్చాడు. లీటరుకు పన్నెండు కిలోమీటర్లు ఇవ్వాల్సిన బండి ఏడు దగ్గరే ఆగిపోతోంది.

"ఏనుగును కొన్నాను గానీ మేపలేకపోతున్నానురా" అన్నాడు.

మూడుసార్లు ట్యాంకు నిండా కొట్టించి మరీ చూశాడట. ఇంత తక్కువ తిరిగిన ఇంజను ఇంత తాగదని అతని వాదన. ఒకవేళ మీటరే తక్కువ చూపిస్తోందేమో, విప్పి చూడమన్నాడు.

బావ బెంచీ మీద టీ తాగుతుండగా మేస్త్రి పెట్టె ఊడదీసి మూత తెరిచాడు. లోపల పెన్సిలుతో రాసిన అంకె ఉంది. 1,36,420. తన చేతిరాతే.

పెట్రోలు సంగతి సరే, పాత ఇంజను తాగక ఏం చేస్తుంది? మేస్త్రి భయమంతా టైమింగ్ బెల్టు గురించి. ఇంజను భాగాలన్నిటినీ ఒకే తాళంలో తిప్పే రబ్బరు పట్టీ అది. లక్షకు మార్చాలని బండి పుస్తకంలో ఉంటుంది. మీటరు యాభై వేలు చూపిస్తుంటే ఎవరు మారుస్తారు? పరుగులో అది తెగితే ఇంజను చస్తుంది, స్టీరింగు బిగుసుకుపోతుంది, బ్రేకు ఎంత తొక్కినా సరిగా పడదు. రేపే ఆదివారం.

"బావా, టైమింగ్ బెల్టు మార్చేద్దాం. ఖర్చు నాది."

"యాభై ఒక్క వేలకే బెల్టేంట్రా? పుస్తకంలో లక్ష అనుంది. ముందు మీటరు సంగతి చూడు."

రబ్బరు ఎండకు పాడవుతుందన్నాడు మేస్త్రి. ఎందుకైనా మంచిదన్నాడు. బావ డిపోలో పని నేర్చినవాడు, పుస్తకం గీత దాటడు. ముప్పై ఏళ్ళు అబద్ధం అమ్ముకుని తిన్నవాడికి ఆ పూట పనికొచ్చే అబద్ధం ఒక్కటీ దొరకలేదు. రేపు పిల్లల్ని తీసుకెళ్తానని మాటిచ్చాను, త్వరగా బిగించమని బావ తొందరపెట్టాడు.

చెబితే ఇక అక్క ముఖం చూడలేడు. చెప్పకపోతే ఏం జరుగుతుందో అనుకోవడానికే అతనికి ధైర్యం చాలలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే, బావకు కనిపించకుండా పెట్టె మీదికి వంగాడు. వైర్లు తగిలించి, అసలు అంకెకు బావ తోలిన మూడువేల మూడొందలు కలిపి, మీటరును ముందుకు తిప్పాడు. తన చేత్తో అంకె పెంచడం అదే మొదటిసారి. బిగించి తాళంచెవి ఇచ్చాడు. నోటితో చెప్పలేనిది మీటరుతో చెప్పించాడు.

బావ సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. అద్దం మీద వేలితో రెండుసార్లు కొట్టాడు. అంకె లక్షా ముప్పై తొమ్మిది వేలు దాటి ఉంది.

"ఇదా అసలుది?"

"అవును బావా. తిప్పింది నేనే. ఎవరు కొంటారో నాకు తెలీదు."

బావ అరవలేదు. అరిచి నాలుగు తిట్టి ఉంటే మేస్త్రికి కాస్త ఊపిరాడేది. బండి దిగి, బెల్టు మార్పించమని, అక్కతో తనే చెబుతానని, నువ్వు మాత్రం ఇంటికి రావద్దని చెప్పి బస్సెక్కి వెళ్ళిపోయాడు.

సోమవారం బావ బండి కోసం వచ్చాడు. పక్క షెడ్డు మెకానిక్, తాను తీసిన పాత బెల్టును బావ చేతిలో పెట్టాడు. వంచితే ఈ చివర నుంచి ఆ చివరిదాకా పగుళ్ళు తేలాయి. పళ్ళు రెండు ఊడి చేతిలోకి రాలాయి. ఇంకో వారం లాగేది కాదని మెకానిక్ అన్నాడు.

బావ బెల్టును మేస్త్రి బల్ల మీద పెట్టాడు.

"మాది కాబట్టి చెప్పావు. మిగతావి ఎన్నిరా?"

మేస్త్రి లెక్కపెట్టడానికి ప్రయత్నించాడు. వారానికి రెండు, మూడు, ఒక్కో వారం అయిదు. బావ తాళంచెవి అందుకున్నాడు. బండి తీసుకుని వెళ్ళిపోయాడు. మేస్త్రి ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాడు.